మనం అన్న మాటలో ఎవరెవరు

అద్దాల గది
ఫిబ్రవరి 3

పిచ్చుకా,

ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. నా ఫోను బిల్లు ఇంకా మీ అన్నయ్య పేరు మీదే ఉంది. ఎవరికి చేశానో, ఎన్ని నిమిషాలు మాట్లాడానో నెల తిరిగేసరికి ఆయన చేతిలో ఉంటుంది. ఆయనేమో ఇప్పుడు నీ ఇంట్లోనే ఉంటున్నాడు. అందుకే దీన్ని నీ ఇంటికి కాకుండా ఆసుపత్రి బట్టల గదికి పంపుతున్నాను. నువ్వూ జవాబు దుకాణానికే రాయి.

విడాకుల పంపకాల జాబితా వచ్చింది. మీ అన్నయ్య లాయరు పంపాడు. ఎడమ వైపు ఆస్తులు, కుడి వైపు అప్పులు. ఇరవై రెండేళ్ల కాపురం నాలుగు పేజీల్లో ఇమిడిపోయింది. పిల్లలు లేరు కాబట్టి త్వరగా తెమిలిపోతుందని కింద ఒక ముక్క కూడా రాశాడు, వాడి నోరు పడిపోను.

కళ్లు పరీక్షించే కుర్చీ ఆయనకట. అక్షరాల బోర్డూ ఆయనకేనట. ఇన్నేళ్లలో ఆ బోర్డు పక్కన నిలబడి ఒక్కరినైనా 'కింది వరస చదవండి' అన్న పాపాన పోలేదు మనిషి. ముందు గదిలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో నవ్వడం ఆయన పని. వెనక గదిలో అద్దం అరగదీసి కళ్లజోడు ఫ్రేముకి బిగించడం నా పని. నాకు అద్దాలు కోసే మిషను, దుకాణం, పాత ఫ్రిజ్ వదిలాడు. ఫ్రిజ్ పక్కన 'చల్లబడదు' అని కూడా రాశాడు. అంత నిజాయితీపరుడు.

సరేలే, గుడ్డి కన్నా మెల్ల నయం అనుకున్నాను. తర్వాత అప్పుల వైపు చూశాను. మూడేళ్ల కిందట దుకాణం పెంచడానికని బ్యాంకులో అప్పు తీసుకున్నాడట. రెండేళ్ల సంపాదన మొత్తం పోసినా తీరనంత. అది ఇద్దరిదీనట, సగం నేను కట్టాలట. దుకాణం ఎక్కడ పెరిగింది? గోడకి కొత్త మేకు కూడా కొట్టలేదు.

ఆ డబ్బు వేరే దారి పట్టిందని ఏప్రిల్ ఆఖరులోగా కాగితం చూపిస్తే అప్పు మొత్తం ఆయన నెత్తినే పడుతుందని మా లాయరమ్మ అంటోంది. చూపించలేకపోతే మిషను అమ్ముకుని, దుకాణం ఖాళీ చేసి, నలభై ఏడేళ్ల వయసులో ఇంకొకరి కొట్లో కూలికి అద్దాలు అరగదీసుకోవాలి.

నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. చల్లకొచ్చి ముంత దాచడం మనిద్దరి మధ్య ఎప్పుడూ లేదు.

వదిన


ఆసుపత్రి బట్టల గది
ఫిబ్రవరి 12

వదినా,

కవరు మీద నీ చేతిరాత చూసి చేతిలో దుప్పట్లు పక్కన పడేసి విప్పాను. ఇక్కడ అందరూ ఎవరా ప్రేమలేఖ రాసిందని ఒకటే వేళాకోళం. మా వదిన అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఈ కాలంలో ఆడపడుచుకి ఉత్తరం రాసే వదినలు ఎక్కడున్నారన్నారు. నిజమే కదా.

నీ చెయ్యి ఎలా ఉంది? చలికి మణికట్టు లాగుతోందా? పట్టీ కట్టుకునే పని చేస్తున్నావా? నువ్వు కట్టుకోవు, నాకు తెలుసు. నేనిక్కడ ఆవిరిలో ఉడుకుతున్నాను. ఇస్త్రీ మిషను రెండింట్లో ఒకటి పాడైంది. మూడో అంతస్తు వాళ్లేమో దుప్పట్లు రాలేదని పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తున్నారు. ఇంటికెళ్తే అద్దెకిచ్చిన ఇంటాయన గోల. కుళాయి కారుతోందని ఆరు వారాలుగా చెబుతున్నాను, అద్దె మాత్రం ఒకటో తారీఖుకల్లా కావాలి ఆయనకి. దగ్గుతూ మెట్లెక్కి మరీ వస్తాడు.

నువ్వడిగిన సంగతి. అన్నయ్య వ్యాపారం విషయాలు నాతో ఎప్పుడు చెప్పాడు వదినా? నాకు దుప్పట్లూ తలగడ గలేబులూ తప్ప ఏం తెలుసు? నువ్వొకవైపు, ఆయనొకవైపు, నేను అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.

ఒక్క మాట మాత్రం చెప్పగలను. నువ్వనుకుంటున్నంత రాయి కాదు ఆయన. మొన్న పొద్దున్న టీ తాగుతూ ఆయనే ఎత్తాడు ఈ అప్పు సంగతి. 'మనం చేసిన అప్పేగా, సగం సగం అనుకుంటే తేలిపోతుంది, తను ఎందుకింత పట్టుబడుతోంది' అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. చూడు వదినా, ఇంత జరిగాక కూడా ఆయన నోటికి 'మనం' అనే వస్తోంది. నిన్ను వేరు మనిషిగా అనుకోవడం ఆయనకింకా అలవాటు కాలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

సంతకం పెట్టెయ్యరాదూ? ఇద్దరూ తలో కాస్త మోసుకుంటే పోతుంది. ఈ జాబితాలూ లాయర్లూ నీ ఆరోగ్యాన్ని తినేస్తాయి.

నీ పిచ్చుక


అద్దాల గది
ఫిబ్రవరి 20

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను, రెండోసారి కాస్త కళ్లు చెమ్మగిల్లాయి కూడా. మూడోసారి ఒక చోట ఆగిపోయాను. ఎక్కడ ఆగానో నీకు తెలియాలని ఆ పేజీ నకలు తీసి, ఆ వాక్యం కింద గీత గీసి దీంతో పంపుతున్నాను. నేనలా రాయలేదని తర్వాత అనకూడదు కదా.

మీ అన్నయ్య ఆ మాట ఎవరితో అన్నాడు? నీతో. ఎదురుగా టీ తాగుతూ కూర్చున్నది నువ్వు, నేను కాదు. నన్నూ తననూ కలిపి నీకు చెప్పాలంటే 'మేం చేసిన అప్పు' అనాలి. 'మా అప్పు' అనాలి. నీతో మాట్లాడుతూ 'మనం చేసిన అప్పు' అన్నాడంటే అందులో నువ్వున్నావు. నేను లేను. 'తను పట్టుబడుతోంది' అన్నాడే, ఆ తను ఒక్కటే నేను.

మాట వరసకన్నాడని రాస్తావు, తెలుసు. రాయకు. మీ అన్నయ్య మా, మనల దగ్గర పొరపాటు చేసే మనిషి కాదు. నువ్వు సెలవులకి వచ్చి దుకాణంలో కూర్చున్న రోజు గుర్తుందా? నీకు చూపిస్తూ 'ఇది మా దుకాణం' అన్నాడు. నువ్వు మూతి ముడుచుకుని, సొంత చెల్లెలి ముందు కూడా మన దుకాణం అనడానికి నోరు రాలేదా అని రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఇల్లు మా ఇల్లు, బండి మా బండి. ఇరవై రెండేళ్లలో నిన్ను ఒక్క 'మన'లోకీ రానివ్వని మనిషి అప్పులోకి మాత్రం ఎలా రానిచ్చాడు?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నిన్నేమీ అనకముందే నాకేం తెలియదు, దుప్పట్లే తెలుసు అని ఎందుకంత పొడుగ్గా రాశావు? నేనడిగింది తెలుసా తెలియదా అని. రెండు మాటల్లో అయిపోయే జవాబు.

ఇంకోటి. బ్యాంకు కాగితం మీద తేదీ ఇవాళ సరిగ్గా చూశాను. నా మణికట్టు ఆపరేషన్ అయిన వారం అది. నువ్వు పదిహేను రోజులు సెలవు పెట్టి నా దగ్గరే ఉన్నావు. రోజూ నాకు జడ వేశావు. మధ్యాహ్నం మందు వేసుకుని నేను పడుకున్నాక నువ్వెక్కడికి వెళ్లేదానివి?

వదిన


ఆసుపత్రి బట్టల గది
మార్చి 2

వదినగారికి,

గారు అని రాసినందుకు నొచ్చుకోకండి. ఇకమీదట ఆచితూచి రాయాలని అర్థమైంది.

మీరు పంపిన నకలు చూశాను. గీత కన్నా ముందు పైన కుడి మూల ఎర్ర సిరాతో వేసిన అంకె కనిపించింది. 41. నా ఉత్తరానికి నలభై ఒకటో నంబరు ఎవరు వేశారు? మీరు వెయ్యరు. మీకు దుకాణంలో ఎర్ర పెన్నే ఉండదు, ఎరుపు చూస్తే కళ్లు లాగుతాయని మీరే పడెయ్యమన్నారు. అంటే ఆ లాయరమ్మ బల్ల మీద నా ఉత్తరం ఉంది. దానికి ముందు ఇంకో నలభై కాగితాలున్నాయి. పోయినేడూ, అంతకు ముందేడూ పుట్టినరోజులకి నేను రాసినవన్నీ కూడా ఇచ్చేశారా? మా నాన్న పోయినప్పుడు రాసింది కూడానా?

మనిద్దరి మధ్య ముంత దాచడం లేదని మొదటి ఉత్తరంలో రాశారు. ఆ రాసిన చేత్తోనే నా జవాబుని తీసుకెళ్లి అక్కడ పెట్టారు. చిలకతో పలికించినట్టు నాతో మాట్లాడించి రాసుకున్నారన్నమాట.

సరే, దాచడం గురించి మాట్లాడుకుందాం. దుకాణానికి వచ్చినవాళ్లందరి కళ్ల పవర్లు రాసిన రిజిస్టర్లు, పదకొండు, ఏమయ్యాయి? జాబితాలో లేవు. అవి లేకపోతే కొత్త కొట్టు పెట్టినా తనకి గిరాకీ రాదని అన్నయ్య ఊరంతా వెతుకుతున్నాడు. వాటిని మీ మంచం కింద బట్టల పెట్టెలో పెట్టారని నాకు తెలుసు. డిసెంబర్లో దుప్పటి తీసుకోబోతూ చూశాను. ఈ రోజు వరకూ ఆయనకి చెప్పలేదు. నేనేమీ మిమ్మల్ని బెదిరించడం లేదు. చెప్పలేదని చెబుతున్నాను, అంతే.

నేను మధ్యాహ్నం మందుల షాపుకి వెళ్లేదాన్ని. మీ మందులకే.

ఇట్లు,
ఆయన చెల్లెలు


అద్దాల గది
మార్చి 9

పిచ్చుకా,

నువ్వు గారు పెట్టినా తీసేసినా నేను ఇలాగే పిలుస్తాను. పదహారేళ్లప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తింటూ గంటన్నర సేపు కబుర్లు చెప్పేదానివి, అందుకని నేను పెట్టుకున్న పేరు ఇది. కోర్టు దీన్ని జాబితాలో వెయ్యలేదు.

ఇచ్చాను. నీ ఉత్తరాలన్నీ ఇచ్చాను. మీ నాన్నగారు పోయినప్పటిది మాత్రం ఇవ్వలేదు, అది నా దగ్గరే ఉంది. మిగతావి ఇచ్చినందుకు సిగ్గుగానే ఉంది. కానీ మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఇస్తాను. ఆయన ఇంటికి నువ్వే వంతెన. వంతెన మీద ఏం వస్తోందో చూసుకోకుండా ఎలా ఉంటాను?

రిజిస్టర్లు కూడా నా దగ్గరే ఉన్నాయి. ఆ అంకెలన్నీ నా చేత్తో రాసినవి. అయినా జాబితా వెయ్యకముందే ఇంటికి తెచ్చి దాచడం దొంగతనమేనని లాయరమ్మ తిట్టింది. తనకి కూడా నిన్ననే చెప్పాను. కాబట్టి ఇప్పుడు నీ దగ్గర నా గుట్టేమీ లేదు. మీ అన్నయ్యకి చెప్పుకో.

నీ దగ్గర నా ప్రశ్నే ఒకటి మిగిలింది. మందుల షాపు మన వీధి చివరే, వెళ్లి రావడానికి పది నిమిషాలు. రోజూ రెండు గంటలు ఏ షాపుకి వెళ్లావు?

ఈ ఉత్తరానికి నకలు తియ్యలేదు. నువ్వు రాసేదానికీ తియ్యను. నమ్మమని అడగడం లేదు.

వదిన


ఆసుపత్రి బట్టల గది
ఏప్రిల్ 11

వదినా,

నెల పట్టింది. నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ అనేది. పడనీ.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు అన్నయ్య నన్ను బ్యాంకుకి తీసుకెళ్లాడు. ముందు రెండు రోజులు ఇల్లు చూపించాడు. ఆసుపత్రికి దగ్గర్లో, రెండో అంతస్తులో రెండు గదులు, బాల్కనీలో ఒక మనిషి నిలబడేంత చోటు. నీ పేరు మీద కొంటున్నాను, నీ వదినకి ఇప్పుడే చెప్పకు, చెయ్యి బాగయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దాం అన్నాడు. ఇల్లు నాది. అప్పు ఆయన పేరు మీద, దుకాణం కోసమని. హామీ సంతకం నాది. 'మనం చేసిన అప్పు' అంటే అదీ. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. ఆయనా నేనూ.

ఇంటికొచ్చి నీకు జడ వేశాను. అప్పటికి నా మనసులో కల్మషం లేదు వదినా, నిజంగా సంతోషమే ఉంది. చెప్పెయ్యాలని నోరు దురద పుట్టి, పెదవి కొరుక్కున్నాను.

ఏడాది గడిచాక ఎప్పుడు చెబుతావని అడిగాను. అప్పుడన్నాడు, చెప్పనని. తను విడిగా వచ్చేస్తే ఉండడానికి కొన్నానని. అంటే నిన్ను వదిలెయ్యాలని ఆయన అనుకున్నది నీకు తెలియడానికి రెండేళ్ల ముందే నాకు తెలుసు. ఆ రెండేళ్లూ నీకు పుట్టినరోజు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. లాయరమ్మ వాటికి నంబర్లు వేసిందంటే నాకు కోపం వచ్చింది అందుకే. ఎవరో చదివి కనిపెడతారని భయం.

ఇంటాయన లేడు వదినా. ఆ మనిషే లేడు. అద్దె ఎంతని నువ్వొకసారి అడిగితే ఏం చెప్పాలో తోచక పుట్టించాను. తర్వాత ఆయనకో పిసినారితనం, కారే కుళాయి, దగ్గు అన్నీ పెట్టాను. ఆ కుళాయి నేనే బాగుచేయించుకోవాలి, బద్ధకించాను.

ఎందుకు చెప్పలేదంటావు. పద్దెనిమిదేళ్లు హాస్టళ్లలో, ఇతరుల ఇళ్లలో పక్క గదుల్లో బతికాను. తలుపు మీద నా పేరు చూసుకోవడం అదే మొదలు. నువ్వు అడిగినప్పుడల్లా నీ మిషను కళ్ల ముందు కనిపించేది, వెంటనే నా తలుపూ కనిపించేది. ప్రతిసారీ తలుపే గెలిచింది. నేనింతే.

ఇల్లు కొన్న కాగితం, హామీ కాగితం, అన్నయ్య బ్యాంకు ఖాతాలోంచి ఇల్లమ్మినాయనకి డబ్బు వెళ్లిన రసీదు దీంతో పంపుతున్నాను. నకళ్లు కావు, అసలువే. అన్నయ్య పెట్టెలోంచి తీశాను. ఆయనకింకా తెలియదు. చింపుకుంటావో, కోర్టుకిస్తావో నీ ఇష్టం. ఇస్తే నాకేమవుతుందో నాకు తెలుసు.

పిచ్చుక


అద్దాల గది
జూన్ 15

పిచ్చుకా,

ఇచ్చేశాను.

నీకు ఆలస్యంగా రాస్తున్నాను, అంతా అయ్యాక రాద్దామని. ముందు నిన్ను నమ్మలేదు. అసలు కాగితాలు ఎవరైనా ఊరికే పంపుతారా, ఇందులో మీ అన్నయ్య ఎర ఏదో ఉంటుందని లాయరమ్మ చేత బ్యాంకుకి రెండుసార్లు ఫోన్ చేయించాను. అన్నీ నిజమేనన్నారు. తర్వాత మూడు రోజులు డ్రాయర్లో పెట్టుకున్నాను. 'ఇస్తే నాకేమవుతుందో నాకు తెలుసు' అన్న నీ ముక్క చదివి, ఇది నా మెడకి చుట్టడానికే రాసిందని నీ మీద మండిపడ్డాను. నువ్వే ఇచ్చి ఉండొచ్చు కోర్టుకి. నాతో ఇప్పించావు. నాలుగో రోజు పొద్దున మిషను ముందు కూర్చుని, తీసిన అద్దం పక్కన పెట్టేశాను. లేచి వెళ్లి ఇచ్చేశాను. పుణ్యాత్మురాలినని చెప్పుకోను.

అప్పు నాది కాదని తేల్చారు. దుకాణం, మిషను నాకే మిగిలాయి. రిజిస్టర్లకి నకళ్లు తీసి ఒక సెట్టు ఆయనకిమ్మన్నారు, ఇచ్చాను. నీ ఇల్లు అమ్మి ఆ అప్పు తీర్చాలట. ఆ పైన ఏమైనా మిగిలితే ఆయనా నేనూ పంచుకోవాలట. పేరు నీదైనా డబ్బు నీది కాదు కాబట్టి నీకు ఏమీ రాదు. ఖాళీ చెయ్యడానికి అరవై రోజులు. నాకు రాబోయే ఆ కాస్త డబ్బు నీ తలుపు అమ్మిన డబ్బే. అది తెలిసే తీసుకుంటున్నాను, నాకు అవసరం.

మూడేళ్ల పాటు ఆ దగ్గు ముసలాయన మీద జాలిపడ్డాను. ఆయనకి ఏం మందు వాడాలో కూడా రాశాను నీకు. నువ్వు థాంక్స్ అని జవాబిచ్చావు. డబ్బు కన్నా అది ఎక్కువ గుచ్చుకుంటోంది నాకు, ఏం చెయ్యమంటావు.

అద్దాల గది వెనక చిన్న గది ఖాళీగా ఉంది. ఫ్రేముల డబ్బాలు తీసేస్తే మంచం పడుతుంది. నువ్వు రావచ్చు. అద్దె చీటీ రాసుకుందాం, ఎంతైనా సరే, ఇద్దరం సంతకం పెడదాం. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనను. నిన్ను మళ్లీ నమ్ముతానో లేదో నాకు తెలియదు. ముందు గది తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది.

వదిన


ఆసుపత్రి బట్టల గది
జూలై 6

వదినా,

రాను.

నీ గది బాగుంటుంది, తెలుసు. వస్తే నువ్వు రోజూ నా మొహంలో ఇంకా ఏం దాచానో వెతుకుతావు. నేను నీ మొహంలో ఆ నాలుగో రోజు పొద్దుటిని వెతుకుతాను. తప్పు నాదే అయినా వెతుకుతాను. ఇద్దరం కళ్లు పాడుచేసుకోవడం తప్ప ఏమీ మిగలదు.

కోర్టుకి నేనే ఇచ్చి ఉండొచ్చన్నావు. నిజమే. నాకు ధైర్యం లేకపోయింది. నీకుందని తెలుసు కాబట్టి నీకు పంపాను.

అమ్మకం కాగితం మీద నిన్న సంతకం పెట్టాను. కొన్నవాళ్లు కొత్తగా పెళ్లైన జంట. బాల్కనీలో ఇద్దరూ ఒకేసారి నిలబడాలని చూసి, పట్టక నవ్వుకున్నారు. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. సామాను తీసుకుని ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లిపోయాడు.

నాకు ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది దొరికింది. వచ్చే సోమవారం మారుతున్నాను. చిరునామా వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. అన్నయ్యకి ఇవ్వలేదు. నీకు ఇవ్వాలా వద్దా అని కూడా రెండు వారాలు ఆలోచించాను.

పిచ్చుక